టేకుకు నచ్చిన నేల, నచ్చని నేల

మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లాలో సిరోంచ నుంచి ఆలాపల్లి వైపు వెళ్తే టేకు నిటారుగా, ఎత్తుగా కనిపిస్తుంది. కొంత దూరం పోయాక అదే టేకు వంకరపోయి, గిడసబారి ఉంటుంది. వాన రెండు చోట్లా దాదాపు ఒకటే, మారింది నేల. నీరు ఇంకిపోయే లోతైన గరప నేలలో, వాగుల ఒండ్రులో టేకు బాగా సాగుతుంది. నీళ్లు నిలిచే బరువైన రేగడిలో దాని వేరుకు ఊపిరాడదు. అక్కడ నల్లమద్ది, నల్లతుమ్మ తట్టుకుంటాయి. రాతి గుట్టల మీద, జానెడు మట్టిలో అందుగు, చిరుమాను, బిల్లుడు బతుకుతాయి. అన్నీ ఆకు రాల్చే చెట్లే, కానీ ఒక్కోదానికి ఒక్కో నేల.

ఈ తేడా అడవిలో తిరిగేవాళ్లకు ఎప్పుడూ తెలుసు. లెక్కల్లోకి మాత్రం రాలేదు. 1860లో గోదావరి ఎడమ గట్టు తాలూకాలు నిజాం నుంచి బ్రిటిష్ వాళ్ల చేతికి వచ్చాయి. సిరోంచ కేంద్రంగా ఎగువ గోదావరి జిల్లా ఏర్పడి, 1874 దాకా నడిచింది. గోదావరిని పడవల దారి చేయాలన్న కాటన్ పథకాన్ని 1871లో ఆపేశారు. అయినా కలప తెప్పలుగా నది మీదే దిగువకు పోయేది. 1878 అటవీ చట్టంతో రిజర్వు అడవుల హద్దులు గట్టిపడ్డాయి. అప్పటి నుంచి రికార్డుల్లో టేకు ఒక వైపు, మిగిలినవన్నీ కలిపి ‘ఇతర జాతులు’ ఇంకో వైపు. ఇప్ప, తునికి, ఏగిస లాంటి చెట్లను ఆ ఒక్క మాటలో కలిపేయడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

1936లో అటవీ శాస్త్రవేత్త చాంపియన్ దేశంలోని అడవులను ముఖ్యంగా వాతావరణాన్ని బట్టి విభజించాడు. నేల వల్ల ఏర్పడే అడవులను మాత్రం వేరే రకాలుగా చూపించాడు. 1968లో సేఠ్‌తో కలిసి ఆ వర్గీకరణను సవరించాడు. తూర్పున బస్తర్ దాటి ఒడిశాలోని కొరాపుట్ వైపు వెళ్తే నేల ఎందుకు ముఖ్యమో అర్థమవుతుంది. సున్నం తక్కువగా ఉండి కాస్త ఆమ్లగుణం ఉన్న ఎర్రనేలల్లో అక్కడ సాల్ (గుగ్గిలం) చెట్టు రాజ్యమేలుతుంది. టేకు సున్నం కోరుకునే చెట్టు.

ఇంత తెలిసీ 1974లో మహారాష్ట్ర అటవీ అభివృద్ధి సంస్థ వచ్చాక, మిశ్రమ అడవి నరికి టేకు నాటడం ఊపందుకుంది. ఇక్కడ ఒక విషయం గట్టిగా చెప్పాలి. టేకు ఆకు పెద్దది. సన్నని చినుకులు ఆకు మీద ఒక్కటై, పెద్ద బొట్టుగా కింద పడతాయి. కింద పొదలు, గడ్డి, ఆకు చెత్త ఉంటే నేలకు దెబ్బ తగలదు. ఒట్టి టేకు తోటలో, అందులోనూ వేసవి మంటలకు చెత్త కాలిపోయిన చోట, ఆ బొట్లు పైమట్టిని చెదరగొడతాయి. మిశ్రమ అడవిలో ఏగిస వేళ్లు నేలకు నత్రజని అందిస్తాయి. టేకు ఆ పని చేయదు.

2006 అటవీ హక్కుల చట్టం వచ్చాక, 2009లో గడ్చిరోలిలోని మెండా లేఖా గ్రామానికి సామూహిక అటవీ హక్కు దక్కింది. ఆ హక్కు ఉన్న గ్రామసభలు ఇప్పుడు తమ అడవిలో ఏం నాటాలో తామే నిర్ణయించుకోవచ్చు. మొక్కల లిస్టు రాసే ముందు ఒక్కో చోట మూడడుగుల గుంట తవ్వి చూడండి. రాయి ఎంత లోతున తగిలింది, పోసిన నీళ్లు ఎంతసేపు నిలిచాయి, తెల్లటి గడ్డల మీద నిమ్మరసం పిండితే నురగ వచ్చిందా (వస్తే సున్నం ఉన్నట్టు) అనేవి రాసుకోండి.