ముల్లు తప్ప ఏదీ కదలకూడదు

ఎల్‌పీ రికార్డు మీద గాడి వెడల్పు ఇంచుమించు తలవెంట్రుక మందం ఉంటుంది. పాటంతా ఆ గాడి గోడల మీద మెలికలుగా చెక్కి ఉంటుంది. గట్టిగా పలికే స్వరానికి మెలిక పదుల మైక్రాన్ల (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) దాకా ఉంటే, వెనక మెల్లగా మోగే తంబురాకు మైక్రానులో పదో వంతు కూడా ఉండకపోవచ్చు. వజ్రపు ముల్లు ఆ మెలికల వెంట ఊగుతుంది. ఆ ఊపును కార్ట్రిడ్జ్‌లోని అయస్కాంతం, తీగచుట్ట కలిసి కరెంటుగా మారుస్తాయి. అయితే పాట ఏదో, మోటారు వణుకు ఏదో ముల్లుకు తెలియదు. గాడికీ తనకూ మధ్య జరిగే ప్రతి కదలికా దాని లెక్కలో సంగీతమే. రికార్డును తిప్పే పళ్ళెం ఊగినా, బెల్టు జారినా, బల్ల అదిరినా స్పీకర్లో వినబడి తీరుతుంది. పాత టర్న్‌టేబుల్‌ను బాగుచేయడమంటే ఈ అక్కర్లేని కదలికలను ఒక్కొక్కటిగా ఆపుకుంటూ రావడమే.

హైదరాబాద్‌లో పాత యంత్రం చేతికొచ్చే దారులు కొన్నే. గురువారం నాటి జుమేరాత్ బజార్ ఒకటి, సొంతింటి అటక ఒకటి, అమెరికాలో ఉన్నవాళ్ళు మోసుకొచ్చిన సామాను ఒకటి. సంతలో కొనేటప్పుడు కరెంటు పెట్టి చూడాల్సిన పనిలేదు, చేత్తో చూస్తే చాలు. పళ్ళెం తిప్పి, అంచు దగ్గర చూపుడు వేలు నిలిపి చూడండి. పైకీ కిందికీ ఊగకూడదు. ముల్లును మోసే కడ్డీని, అంటే ఆర్మ్‌ను, రెండు వేళ్ళతో పట్టుకుని బహు సున్నితంగా ముందుకూ వెనక్కూ కదపండి. కీలు దగ్గర టకటకమంటే బేరింగు వదులైందని అర్థం. వంగిన ఆర్మ్, పోయిన వెనక బరువు, విరిగిన హెడ్‌షెల్ (కార్ట్రిడ్జ్‌ను పట్టి ఉంచే ఆర్మ్ కొన) మూతి ఉంటే వదిలేయడం మంచిది. ముల్లు లేకపోవడం, బెల్టు సాగిపోవడం, బటన్లు బిగుసుకుపోవడం మాత్రం లోపాలే కావు. అవన్నీ ఎలాగూ మార్చాల్సినవే.

ఇంటికి తెచ్చాక మొదట ప్లగ్గు పెట్టాలనిపిస్తుంది. పెట్టకండి. ముప్పై నలభై ఏళ్ళు కదలని యంత్రంలో గ్రీజు జిగురుగా మారి ఉంటుంది. అందులోని నూనె ఆరిపోయి, మిగిలిన సబ్బు పదార్థం పళ్ళచక్రాలను అతికించేస్తుంది. ఆటోమేటిక్‌గా ఆర్మ్ లేచి వాలే గరార్డ్, డ్యూయల్, బీఎస్ఆర్ కంపెనీల యంత్రాల్లో ఇది మరీ ఎక్కువ. ఆ స్థితిలో మోటారు తిప్పితే ప్లాస్టిక్ పన్ను విరుగుతుంది, అది మళ్ళీ దొరకదు. పళ్ళెం తీసి, కింద ఉన్న మీటలనూ చక్రాలనూ ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదిపుల్లలతో తుడవండి. కోఠి గుజరాతీ గల్లీలో సర్క్యూట్ బోర్డులు కడగడానికి అమ్మేది ఇదే. పాత గ్రీజు పూర్తిగా పోయి లోహం మెరిశాక, రాపిడి ఉన్న చోట మాత్రమే తెల్ల లిథియం గ్రీజు పలచగా పూయండి. బెల్టుకో రబ్బరు చక్రానికో తగిలితే జారుడు మొదలవుతుంది.

మోటారు ఇరుసు తిరిగే గూళ్ళు, అంటే బుష్‌ల సంగతి వేరు. వాటిని కంచు పొడిని అచ్చులో ఒత్తి, కాల్చి చేస్తారు. స్పాంజిలాగా సన్నని రంధ్రాలుంటాయి, వాటిలో ఇంకిన నూనే ఇరుసుకు కందెన. తుప్పు వదిలించే స్ప్రే కొడితే ఒక గంట బ్రహ్మాండంగా తిరుగుతుంది. ఆ తర్వాత స్ప్రే ఉన్న కాస్త నూనెనూ కరిగించి తీసుకుపోతుంది, మోటారు కీచుమంటుంది. ఎస్‌ఏఈ 20 చిక్కదనం గల, డిటర్జెంట్ కలపని నూనె పైబుష్‌కు రెండు చుక్కలు, కిందిబుష్‌కు రెండు చుక్కలు వేసి ఒక రాత్రి ఇంకనివ్వండి. బండి ఇంజనాయిల్ పనికిరాదు, అందులో డిటర్జెంట్ ఉంటుంది. కొబ్బరినూనె అసలే వద్దు, డిసెంబరు చలికే గడ్డకడుతుంది. పళ్ళెం నిలబడే ప్రధాన బేరింగు గొట్టాన్ని కూడా తుడిచి అదే నూనె నాలుగైదు చుక్కలు వేయాలి. అడుగున చిన్న ఉక్కు గుండు ఉంటే అది దొర్లిపోకుండా కింద గుడ్డ పరచుకోండి.

డ్యూయల్ యంత్రాల్లో ఒక వింత ఉంది. ఆర్మ్‌ను లేపి తిప్పే పనంతా ఒక మీట కొనకు తొడిగిన రెండు మిల్లీమీటర్ల రబ్బరు తొడుగు మీద ఆధారపడుతుంది. అది పొడై రాలిపోతే ఆర్మ్ సగం దారిలో ఆగుతుంది, జనం యంత్రం పోయిందనుకుంటారు. సైకిల్ వాల్ ట్యూబులోంచి చిన్న ముక్క కోసి తొడిగితే సరిపోతుంది.

ఇక కరెంటు. స్విచ్ దగ్గర మెరుపు రాకుండా ఉంచే చిన్న కెపాసిటర్ పాత యంత్రాల్లో కాగితంతో చేసిందై ఉంటుంది. పైపొర పగిలి తేమ పీల్చుకుని, ఒకరోజు పొగలు కక్కుతుంది. పగుళ్ళు కనబడినా కనబడకపోయినా మార్చేయండి. దాని మీద రాసి ఉన్న విలువే ఉండాలి, మెయిన్స్ కరెంటుకు నేరుగా తగిలించడానికి చేసిన ఎక్స్2 రకమై 275 వోల్టుల ఏసీకి తట్టుకునేదై ఉండాలి. మామూలు సిరామిక్ కెపాసిటర్ పెట్టడం ప్రమాదం.

అమెరికా నుంచి వచ్చిన యంత్రంతో ఎక్కువమంది ఒకే తప్పు చేస్తారు. అక్కడి సరఫరా 120 వోల్టులు, 60 హెర్ట్జ్‌లు. మనది 230, 50. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీని తగ్గిస్తుంది, హెర్ట్జ్‌లను మార్చదు. పాత బెల్టు యంత్రాల్లోని సింక్రనస్ మోటారు వేగం ఆ హెర్ట్జ్‌ల మీదే ఆధారపడుతుంది. అక్కడ నిమిషానికి 33⅓ చుట్లు తిరిగినది ఇక్కడ 27.8 చుట్లే తిరుగుతుంది. శ్రుతి మూడు స్వరస్థానాలకు పైగా దిగుతుంది, అంటే పాడేవారి షడ్జం చతుశ్రుతి ధైవతం కన్నా కిందికి జారుతుంది. మందు, మోటారు ఇరుసు మీద బెల్టు చుట్టే చక్రాన్ని, అంటే పుల్లీని, మార్చడమే. ఇక్కడ చిన్న లెక్క తప్పితే మళ్ళీ శ్రుతి తప్పుతుంది. పుల్లీ వ్యాసాన్ని నేరుగా 1.2తో (60ని 50తో భాగిస్తే వచ్చేది) హెచ్చవేయకూడదు, బెల్టు మందాన్ని కలుపుకోవాలి. పుల్లీ 10 మిల్లీమీటర్లు, బెల్టు మందం అర మిల్లీమీటరు అయితే మొత్తం 10.5. దాన్ని 1.2తో హెచ్చవేస్తే 12.6. అందులోంచి బెల్టు అర తీసేస్తే 12.1. బాలానగర్ లేతు షాపులో ఇత్తడితో చేయించేటప్పుడు ఈ 12.1 చెప్పాలి, 12 కాదు. ఆ పదో వంతు మిల్లీమీటరే వేగంలో దాదాపు ఒక శాతం. పుల్లీ నడుము కాస్త ఉబ్బెత్తుగా ఉండాలనీ చెప్పండి, బెల్టు మధ్యలో నిలిచేది ఆ ఉబ్బు వల్లే. బెల్టు లేకుండా మోటారే నేరుగా పళ్ళేన్ని తిప్పే, క్వార్ట్జ్‌తో నడిచే డైరెక్ట్ డ్రైవ్ యంత్రాలకు ఈ గొడవ లేదు, వాటికి వోల్టేజీ సరిపోతే చాలు.

మన గ్రిడ్ హెర్ట్జ్‌లు మామూలుగా 49.90 నుంచి 50.05 మధ్య ఉంచాలన్నది నియమం. అంటే తేడా 0.2 శాతం లోపే, చెవికి అందదు. కరెంటు పోయి ఇన్వర్టర్ మీదికి వచ్చినప్పుడు మాత్రం పాట ఆపేయండి. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద మోటారు బుర్రుమంటుంది, వేడెక్కుతుంది.

వేగం చూడటానికి స్ట్రోబ్ చక్రం అనే కాగితపు బిళ్ళ చాలు. మన మెయిన్స్ మీద నియాన్ దీపం సెకనుకు 100 సార్లు మిణుకుతుంది. 33⅓ వేగంలో పళ్ళెం సెకనుకు 0.5556 చుట్టు తిరుగుతుంది. 100ను దాంతో భాగిస్తే 180. అందుకే 50 హెర్ట్జ్‌ల బిళ్ళ మీద 180 గీతలుంటాయి. 45కు 133, 78కి 77. అమెరికా బిళ్ళ మీద 216 ఉంటాయి, అది మనకు పనికిరాదు. గదిలో ఎల్‌ఈడీ బల్బు ఆర్పేయండి, మంచి ఎల్‌ఈడీలు మిణుకవు. ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద ఎర్రగా వెలిగే నియాన్ దీపం దగ్గర పెట్టి చూస్తే చాలు. గీతలు నిలబడి కనబడితే వేగం సరే. పళ్ళెం తిరిగే వైపే నడిస్తే వేగం ఎక్కువ, ఎదురు నడిస్తే తక్కువ. సెకనుకు ఒక గీత జరిగితే తేడా సరిగ్గా ఒక శాతం.

వేగం తక్కువగా ఉంటే తొంభై పాళ్ళు బెల్టే కారణం. కొత్త బెల్టు, చుట్టాల్సిన దారి పొడవు కన్నా సుమారు 5 శాతం పొట్టిగా ఉండాలి. దారాన్ని పుల్లీ మీదుగా చుట్టి కొలిస్తే దారి పొడవు తెలుస్తుంది. మరీ బిగువైన బెల్టు మోటారు ఇరుసును ఒక పక్కకు లాగి బుష్‌ను అరగదీస్తుంది. రబ్బరు చక్రంతో నడిచే యంత్రంలో టప్ టప్‌మని లయగా చప్పుడు వస్తే చక్రం ఒక చోట నొక్కుకుపోయిందన్నమాట. ఏళ్ళ తరబడి స్విచ్ ఆన్ స్థితిలో వదిలేస్తే అలా అవుతుంది. 400 నంబరు ఉప్పుకాగితంతో తేలిగ్గా గీరి చూడండి, లొట్ట లోతుగా ఉంటే రబ్బరు మళ్ళీ ఎక్కించాల్సిందే.

యంత్రం ఎక్కడ పెట్టాలన్నదాంట్లో మన ఇళ్ళకు ఒక లాభం ఉంది. కాంక్రీటు స్లాబు నడిస్తే ఊగదు. గట్టి బల్ల మీద తాండూరు బండో కడప బండో ఒక ముక్క వేసి, దాని కింద నాలుగు మూలలా రబ్బరు దిమ్మలు పెట్టండి. స్పిరిట్ లెవెల్‌తో పళ్ళెం మీదే మట్టం చూసుకోండి, బల్ల మీద కాదు. స్పీకర్లు అదే బల్ల మీద ఉంటే బాస్ ఊపు ముల్లులోకి వెళ్ళి, మళ్ళీ స్పీకర్లోకి వచ్చి, గుంయ్‌మని పెరుగుతూ పోతుంది.

ఇప్పుడు ముల్లు. హెడ్‌షెల్‌లో నాలుగు తీగలు: తెలుపు ఎడమ, నీలం దాని గ్రౌండు, ఎరుపు కుడి, ఆకుపచ్చ దాని గ్రౌండు. కార్ట్రిడ్జ్ పిన్నులకు ఎప్పుడూ సోల్డరింగ్ చేయకండి, వేడికి లోపలి సన్నతీగ తెగుతుంది. క్లిప్పులు విడిగా టంకం వేసి తొడగాలి. ఆడియో టెక్నికా వీఎం95ఈ లాంటి కార్ట్రిడ్జ్‌కు 2 గ్రాముల బరువు కావాలి. వెనక బరువును జరిపి ఆర్మ్ గాలిలో మట్టంగా తేలేలా చేసి, అంకెల చక్రాన్ని సున్నాకు తెచ్చి, అక్కడి నుంచి 2 దాకా తిప్పండి. తర్వాత నగల తూకపు చిన్న డిజిటల్ త్రాసుతో సరిచూసుకోండి. త్రాసు పళ్ళెం ఇనుముదైతే కార్ట్రిడ్జ్ అయస్కాంతాన్ని లాగి తప్పు చూపిస్తుంది. మీద చిన్న చెక్కముక్క పెట్టి, రికార్డు ఎత్తులోనే తూచాలి.

బరువు తగ్గిస్తే రికార్డు పదిలంగా ఉంటుందన్న నమ్మకం బలంగా ఉంది, అది తప్పు. తక్కువ బరువుతో ముల్లు గాడి గోడల మధ్య ఎగిరెగిరి పడి అంచులను చెక్కేస్తుంది. అలాగని ఆర్మ్ మీద రూపాయి బిళ్ళ అంటించే పాత అలవాటూ కూడదు. ఆ బిళ్ళ ఒక్కటే మూడు గ్రాములకు పైన ఉంటుంది.

ఆర్మ్ ఒక కీలు మీద తిరుగుతుంది కనుక ముల్లు రికార్డు మీద విల్లులా వంగిన దారిలో పోతుంది. గాడి చెక్కిన కట్టర్ మాత్రం తిన్నగా పోయింది. ఈ తేడా సున్నా అయ్యే చోట్లు రెండే. విరివిగా వాడే కొలతలో అవి కేంద్రం నుంచి 66 మిల్లీమీటర్లు, 120.9 మిల్లీమీటర్లు. ఆ రెండు చోట్లా కార్ట్రిడ్జ్ పక్కలు ప్రొట్రాక్టర్ అనే కొలబిళ్ళ మీది గీతలకు సమాంతరంగా వచ్చేదాకా ముందుకూ వెనక్కూ జరుపుతూ పోవాలి. కాగితం మీద ముద్రించుకున్న ప్రొట్రాక్టర్‌ను స్కేలుతో కొలవకుండా నమ్మకండి. చాలా ప్రింటర్లు మూడు నాలుగు శాతం కుదించేస్తాయి. పాట చివరికొచ్చేసరికి ‘స’లు ‘ష’ల్లా బరబరమంటే తప్పు ఇక్కడే ఉంటుంది. గాడి బయటి చుట్టులో సెకనుకు 51 సెంటీమీటర్లు నడిచే దారి లోపలి చుట్టులో 21కి పడిపోతుంది. అదే స్వరం అంత ఇరుకులో సర్దుకోవాలి, చిన్న తప్పు కూడా అక్కడ పెద్దదవుతుంది. బరువు 2 ఉంటే, ఆర్మ్‌ను లోపలికి లాగే బలానికి ఎదురునిచ్చే యాంటీస్కేటింగ్ కూడా 2 దగ్గర పెట్టండి.

అంతా అయ్యాక ఆంప్లిఫయర్ ఆక్స్‌లో (మామూలు ఇన్‌పుట్‌లో) గుచ్చితే పాట సన్నగా, రేకుడబ్బా మోతలా వస్తుంది. యంత్రం తప్పు కాదు. బాస్ స్వరాలను ఉన్నదున్నట్టు చెక్కితే గాడి మరీ వెడల్పై రికార్డు మీద చోటు చాలదు. అందుకని చెక్కేటప్పుడే బాస్ తగ్గించి, సన్నస్వరాలు పెంచుతారు. 1954లో స్థిరపడిన ఆర్‌ఐఏఏ ప్రమాణం ప్రకారం 1000 హెర్ట్జ్‌లతో పోలిస్తే 20 హెర్ట్జ్‌ల దగ్గర 19 డెసిబెల్స్‌కు పైగా తగ్గుదల, 20,000 దగ్గర ఇంచుమించు అంతే పెంపు. ఫోనో ప్రీఆంప్ దాన్ని తిరగేస్తుంది, కొన్ని మిల్లీవోల్టులే ఉన్న సిగ్నల్‌ను వంద రెట్ల దాకా పెంచుతుంది. పాత సూట్‌కేసు ప్లేయర్లలోని సిరామిక్ కార్ట్రిడ్జ్‌కు మాత్రం ఇది అక్కర్లేదు, దాని వోల్టేజీ చాలా ఎక్కువ. ఫోనోలో పెడితే గొంతు చిరుగుతుంది. హుమ్ వినబడితే టర్న్‌టేబుల్ సన్న గ్రౌండు తీగను ప్రీఆంప్ స్క్రూకు బిగించండి. ఒక పక్కే వినబడితే హెడ్‌షెల్ పిన్నులను పెన్సిల్ రబ్బరుతో రుద్దండి.

ముల్లు ఆయుస్సు 500 నుంచి 1000 గంటలు. 500 గంటల్లో అది గాడిలో నడిచే దూరం 600 కిలోమీటర్లకు పైనే, హైదరాబాద్ నుంచి విశాఖపట్నం అంత. దుమ్ము ఉంటే ఆ దారి ఉప్పుకాగితమే. వినైల్ రికార్డులను నాలుగు పాళ్ళు డిస్టిల్డ్ వాటర్, ఒక పాలు ఐసోప్రొపైల్ ఆల్కహాల్, లీటరుకు రెండు చుక్కల గిన్నెలు తోమే లిక్విడ్‌తో కడగండి. చివర్లో ఉత్త డిస్టిల్డ్ వాటర్‌తో ఇంకోసారి. బోరు నీళ్ళు వాడితే గాడిలో ఉప్పు పేరుకుంటుంది. లేబుల్ తడవకుండా చూసి, వంటింటి పళ్ళాల స్టాండులో నిలబెట్టి, ఫ్యాను ఆపి ఆరనివ్వండి. మే నెల ఎండలో నిలిపిన కారులో మాత్రం ఒక్క గంట కూడా వదలకండి, 60 డిగ్రీలు దాటితే వినైల్ మెత్తబడి వంగుతుంది.

పై మిశ్రమాన్ని 78 చుట్ల రికార్డుల మీద ఎప్పుడూ వాడకూడదు. అవి లక్కతో చేసినవి, లాడ్ బజార్ గాజుల్లో ఉండే ఆ లక్కే, రాతిపొడి కలిపి ఒత్తినది. ఆల్కహాల్ తగిలితే లక్క కరుగుతుంది, గాడి మసకబారిపోతుంది. వాటికి ఉత్త డిస్టిల్డ్ వాటర్, ఒక చుక్క లిక్విడ్ చాలు. ఏ రకమో తేల్చుకోలేకపోతే అంచు మీద గోటితో తట్టి చూడండి. లక్క ప్లేటు పింగాణీలా ఖంగుమంటుంది, వినైల్ మొద్దుగా పలుకుతుంది. ముల్లూ వేరే కావాలి. ఎల్‌పీ ముల్లు కొన వ్యాసార్ధం 18 మైక్రాన్లు, 78కి 75 దాకా ఉండాలి. సన్న ముల్లు పెడితే వెడల్పాటి గాడి అడుగున దొర్లుతూ గరగర తప్ప ఏమీ వినిపించదు.