సంఘం రేడియో గురించి అపోహలు, వాస్తవాలు

సంఘం రేడియో ఒక కమ్యూనిటీ రేడియో, అంటే స్థానికులు తమ ప్రాంతం కోసం నడుపుకునే చిన్న ఎఫ్ఎం స్టేషన్.

అపోహ: సంఘం రేడియో 2008లో పుట్టింది.

90.4 మెగాహెర్ట్జ్‌పై ప్రసారం మొదలైంది 2008 అక్టోబర్ 15న. తెలంగాణలో జహీరాబాద్ దగ్గర మాచనూరులో యునెస్కో సాయంతో స్టూడియో లేచింది మాత్రం 1990ల చివర్లోనే. లైసెన్సు లేదని పని ఆగలేదు. డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థకు చెందిన ఊరి సంఘాల ఆడవాళ్లు విత్తనాల మీద, పశువుల జబ్బుల మీద ముచ్చట్లు, పాటలు రికార్డు చేసి, ఆ క్యాసెట్లను సంఘం మీటింగుల్లో వినిపించేవాళ్లు. ఈ స్టేషన్ చరిత్రలో అసలు భాగం అదేనని మా అభిప్రాయం.

అపోహ: డబ్బు లేక ఆలస్యమైంది.

అడ్డుపడింది చట్టం. ప్రసార తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. అయినా కమ్యూనిటీ రేడియోపై వచ్చిన 2002 విధానం విద్యాసంస్థలకే అవకాశమిచ్చింది. స్వచ్ఛంద సంస్థలకు 2006 నవంబర్‌లో గానీ తలుపు తెరుచుకోలేదు. 1995 తీర్పు ఇచ్చిన న్యాయమూర్తుల్లో ఒకరైన పి.బి. సావంత్ చేతుల మీదుగానే సంఘం రేడియో ప్రారంభమైంది.

అపోహ: దేశంలో తొలి కమ్యూనిటీ రేడియో ఇదే.

కాదు. చెన్నైలో అన్నా యూనివర్సిటీ స్టేషన్ 2004లోనే వచ్చింది. స్వచ్ఛంద సంస్థల స్టేషన్లలో మాత్రం ముందు గాలిలోకి వచ్చింది ఇదే.

అపోహ: వాట్లు పెంచితే ఇంకా దూరం వినిపిస్తుంది.

ఎఫ్ఎం తరంగం దాదాపు చూపు ఆనినంత మేరే పోతుంది. 2006 నిబంధనల ప్రకారం యాంటెన్నా నేల నుంచి 30 మీటర్లు దాటకూడదు, ప్రసార శక్తి మామూలుగా 100 వాట్లు. 50 వాట్ల ట్రాన్స్‌మిటర్‌కు 3 డెసిబెల్స్ గెయిన్ ఉన్న, అంటే శక్తిని దాదాపు రెట్టింపు చేసి పంపే యాంటెన్నా తగిలిస్తే, కేబుల్ నష్టం పోను ఆ పరిమితికి దగ్గరగా వస్తుంది. 30 మీటర్ల ఎత్తు నుంచి చదును నేల మీద 25 కిలోమీటర్లు దాటడమే కష్టం. మధ్యలో గుట్ట ఉంటే అంత కూడా రాదు.

రేంజ్ ఉన్నట్టుండి తగ్గితే ట్రాన్స్‌మిటర్ పోయిందనుకుంటారు. ముందు రిఫ్లెక్టెడ్ పవర్ మీటర్ చూడండి, యాంటెన్నా నుంచి ఎంత పవర్ వెనక్కి వస్తోందో అది చూపిస్తుంది. వానాకాలంలో యాంటెన్నా దగ్గరి కనెక్టర్‌లోకి నీళ్లు దిగితే పవర్ వెనక్కి కొడుతుంది. ట్రాన్స్‌మిటర్ తనను కాపాడుకోవడానికి అవుట్‌పుట్ తగ్గించుకుంటుంది. కనెక్టర్ విప్పి చూస్తే లోపలి రాగి నల్లబడి ఉంటుంది. తుడిచి వాడొద్దు, ఆ ముక్క కోసేసి కొత్త కనెక్టర్ వేయాలి. దాని మీద సాగే రబ్బరు టేపును కింది నుంచి పైకి, సగం సగం మీద పడేలా చుట్టాలి. కేబుల్ గదిలోకి వచ్చే చోట కిందికి ఒక వంపు వదిలితే నీరు అక్కడే కారిపోతుంది.

అపోహ: ఇంజినీర్లు లేనిదే నడవదు.

జనరల్ నర్సమ్మ, అల్గోల్ నర్సమ్మ అనే ఇద్దరు దళిత మహిళలు రికార్డింగ్, ఎడిటింగ్, ప్రసారం నేర్చుకుని ఈ స్టేషన్ నడిపారు. జహీరాబాద్ యాసను పుస్తక భాషలోకి దిద్దకుండా వినిపించారు. పచ్చజొన్న, కొర్ర, సామ సాగు ముచ్చట ఆ మాటలోనే వినాలి.

అపోహ: సొంతంగా వార్తలు చదవొచ్చు.

కుదరదు, కమ్యూనిటీ రేడియో నిబంధనలు ఒప్పుకోవు. కార్యక్రమాల్లో కనీసం సగం మాత్రం స్థానికులతో తయారు కావాల్సిందే.