ఫెయిల్ గొడవ 16వ సెక్షన్ మీద, అసలు చిక్కు 24లో

జూన్‌లో ఆరో తరగతి పిల్లలకు ఏం వచ్చో చూసే బేస్‌లైన్ పరీక్ష పెట్టినప్పుడల్లా హనుమకొండ, ములుగు వైపు హైస్కూళ్ల స్టాఫ్‌రూముల్లో వినబడేది ఒకటే మాట: ‘ప్రైమరీల ఏం చెప్పి పంపిండ్రు?’ తన ఆధ్వర్యంలోని బడుల్లో 5, 8 తరగతుల పిల్లలను ఫెయిల్ చేయొచ్చని 2024 డిసెంబర్‌లో కేంద్రం నిబంధన మార్చింది. అప్పటినుంచి ‘మన దగ్గర కూడా పిల్లలను అదే తరగతిలో ఆపితే సరి’ అనే వాదన మళ్లీ లేచింది.

విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. అందులో అందరి నోళ్లలో నానింది 16వ సెక్షన్: ఎనిమిది దాకా ఎవరినీ అదే తరగతిలో ఉంచొద్దు. దానికి జోడీ లాంటి 24వ సెక్షన్‌ను పట్టించుకున్నవారు తక్కువ. ప్రతి పిల్లవాడికి ఎంత వచ్చో చూసి, అవసరమైతే అదనంగా చెప్పడం టీచరు బాధ్యత అని అందులో రాసి ఉంది. ఆపొద్దన్న మాట వెంటనే అమలైంది. అదనంగా చెప్పడానికి మాత్రం మనిషినీ ఇవ్వలేదు, టైమూ ఇవ్వలేదు. ఈ రోజు గొడవకు మూలం అక్కడుంది.

చట్టం షెడ్యూలు ప్రకారం 60 మంది దాకా పిల్లలున్న ప్రాథమిక బడికి ఇద్దరు టీచర్లు. తరగతులు ఐదు. ఏడాదికి 200 పనిదినాలు, 800 బోధన గంటలు, అంటే రోజుకు నాలుగు. ఐదు తరగతులను ఇద్దరు పంచుకుంటే ఒక్కో తరగతికి నేరుగా దక్కేది గంటన్నర పైచిలుకు. తెలుగు, ఇంగ్లిష్, లెక్కలు, అన్నీ అందులోనే. ఒకరు మీటింగుకు పోతే అదీ సగం. మహబూబాబాద్ తండాల్లో, ములుగు గూడేల్లో ఇంట్లో లంబాడీ, కోయ మాట్లాడే పిల్లలకైతే పాఠం కన్నా ముందు తెలుగు నేర్పాలి.

‘ఏమీ రాదు’ అని రాసే పిల్లల్లో చాలామందికి మధ్యలో ఏదో ఒక మెట్టు ఊడి ఉంటుంది. నాలుగో తరగతి పిల్ల ‘అమ్మ’ను గడగడా చదువుతుంది, ఆ మాట చూసి చూసి కంఠతా వచ్చింది కనుక. ‘గుమ్మం’ ఇస్తే ‘గుమం’ అంటుంది. ఒత్తు రాదని అప్పుడు గానీ తెలియదు. 52 లోంచి 27 తీసేయమంటే 35 వేస్తుంది: రెండులోంచి ఏడు పోదు కాబట్టి, ఏడులోంచి రెండు తీసేసింది. 52 అంటే ఐదు పదులు, రెండు ఒకట్లు అని తెలియకుండా అప్పు తెచ్చుకోవడం రాదు. పది పుల్లల కట్టలు ఐదు, విడి పుల్లలు రెండు ముందు పెట్టి, ఒక కట్ట విప్పించి తీసివేయిస్తే దారికొస్తుంది. అది చేయకుండా ఇంకో యాభై లెక్కలిస్తే తప్పే గట్టిపడుతుంది.

మూడు నుంచి ఐదు దాకా పిల్లలను రోజూ 40 నిమిషాలు తరగతిని పక్కనపెట్టి అక్షరాలు, గుణింతాలు, ఒత్తులు, వాక్యాలు అని గుంపులుగా కూర్చోబెడితే ఇద్దరు టీచర్లతోనూ సాగుతుంది. నెలకో, నెలన్నరకో మళ్లీ చదివించి చూసి గుంపులు మార్చాలి. మార్చని చోట అది శాశ్వత ‘సీ గ్రేడ్’ బెంచీగా మిగిలిపోతుంది.

కొరతను కొంత పూడ్చిన విద్యా వాలంటీర్లను కరోనా తర్వాత మళ్లీ తీసుకోలేదు. 2022-23లో మన సర్కారు బడుల్లో ఒకటి నుంచి ఎనిమిది దాకా ఇంగ్లిష్ మీడియం వచ్చింది, అదే ఏడాది ఆగస్టు 15న ప్రైమరీ పిల్లలకు చదవడం, రాయడం, లెక్కలు గట్టిచేసే ప్రభుత్వ కార్యక్రమం ‘తొలిమెట్టు’. చదవడం, రాయడం గట్టిచేయమన్న ఏడాదే చదివే భాష మారింది! ఒక పేజీ తెలుగు, ఒక పేజీ ఇంగ్లిష్ ఉన్న పుస్తకాలు కొంత ఆదుకున్నాయి. ఎవరికి ఏది రాలేదో వారం వారం చూడడం తొలిమెట్టులో మంచి పద్ధతే. చూసిన దాన్ని సరిచేయడానికి పీరియడ్ ఏదని ప్రైమరీ టీచర్లు అడుగుతున్నారు.

ఫెయిల్ భయం లేక హాజరు తగ్గుతోందని ఫెయిల్ చేయాలనే వారంటారు, తల్లిదండ్రుల్లోనూ ఆ మాట ఉంది. వారు చూపే, విద్యాహక్కు చట్టానికి చేసిన 2019 సవరణ ప్రకారం తప్పిన పిల్లలకు అదనపు బోధన ఇచ్చి, ఫలితాలొచ్చిన రెండు నెలల్లోపు మళ్లీ పరీక్ష పెట్టాలి. మన దగ్గర వార్షిక పరీక్షల ఫలితాలు ఏప్రిల్ చివర్లో వస్తాయి, వెంటనే సెలవులు. బడి మళ్లీ తెరిచేది జూన్ 12న. గడువులో చదువు చెప్పడానికి మిగిలేది పది పన్నెండు రోజులు, అదీ పిల్లలను బడిలో చేర్పించడానికి టీచర్లు బడిబాట పేరుతో ఇల్లిల్లూ తిరిగే రోజుల్లో.