నెలలు నిండితే బిడ్డ తిరగడం తగ్గుతుందా?

ఈ వారంలో ఇదే మాటతో నా దగ్గరికి వచ్చిన మూడో గర్భిణి. ముప్పై ఏడో వారం. "నిన్నటి నుంచి బిడ్డ సరిగ్గా తిరగట్లేదంటే, నెలలు నిండాయి, లోపల చోటు లేదు, అలాగే ఉంటుందన్నారు మేడం." అన్నది అత్తగారైతే సర్దిచెప్పేదాన్ని. అన్నది ఇంకో ఆస్పత్రిలో డ్యూటీలో ఉన్నవాళ్ళు.

అపోహలన్నిటిలో ప్రాణం తీసేది ఇదే. నిండు నెలల్లో కదలిక తీరు మారవచ్చు. తన్నినట్టు కాకుండా దొర్లినట్టు, ఒత్తినట్టు ఉంటుంది. తగ్గడం మాత్రం మామూలు కాదు. నొప్పులు మొదలయ్యాక కూడా బిడ్డ కదులుతూనే ఉండాలి. మాయ నుంచి ఆక్సిజన్ చాలకపోతే బిడ్డ ముందు కదలడం తగ్గించుకుంటుంది, ఉన్నది గుండెకూ మెదడుకూ మిగుల్చుకోవడానికి. ఆ సంగతి మొదట తెలిసేది తల్లికే.

నేను పీజీ చేస్తున్నప్పుడు ఒక రాత్రి పదకొండు దాటాక ఒకామె వచ్చింది. రెండో కాన్పు. "తేడాగా ఉందమ్మా, పెద్దోడప్పుడు ఇలా లేదు" అంది. డాప్లర్ (బిడ్డ గుండె చప్పుడు వినిపించే చిన్న మిషన్) పెట్టాను. గుండె నిమిషానికి 140 సార్లు, మామూలుగానే కొట్టుకుంటోంది. ఆమెకు కూడా వినిపించి, భోంచేసి ఎడమ పక్కకు తిరిగి పడుకోమని పంపేశాను. పొద్దున మళ్ళీ వచ్చింది. ఎంత వెతికినా గుండె చప్పుడు దొరకలేదు. "రాత్రి చెప్పాను కదమ్మా" అంది.

ఎన్‌ఎస్‌టీ (బిడ్డ గుండె కొట్టుకునే తీరును కొంతసేపు గీతగా తీసే పరీక్ష) పెట్టి ఉంటే బిడ్డ దక్కేదని ఖాయంగా చెప్పలేను. పెట్టలేదు. డాప్లర్‌తో అర నిమిషం విన్న చప్పుడు బిడ్డ ఆ క్షణంలో బతికి ఉందని చెబుతుంది, అంతవరకే. బాగుందో లేదో తెలియాలంటే కనీసం 20 నిమిషాలు ఎన్‌ఎస్‌టీ గీత చూడాలి. అవసరమైతే ఉమ్మనీరుకీ ఎదుగుదలకీ స్కాన్ చేయాలి. కేస్ షీట్‌లో "పేషెంట్ టెన్షన్ పడుతోంది" అని రాసి పంపేసే పని కాదిది.

మిగతా అపోహల సంగతి. మొన్నటి స్కాన్ నార్మల్ అంటే మొన్న నార్మల్ అని. చల్లటి జ్యూస్ తాగి ఎదురుచూస్తే పోయేది టైమే. మాయ ముందువైపు ఉంటే మొదట్లో తన్నులు అంతగా తెలియకపోవచ్చు, కానీ రోజూ తెలిసేవి ఇవాళ తగ్గితే అది తగ్గినట్టే. కదలికలు పది వచ్చాయా అని లెక్కపెట్టుకునే పద్ధతిలో లెక్క సరిపోయినా మీకు తేడాగా అనిపిస్తే రండి. తొలి కాన్పు అమ్మాయికి ఏం తెలుసు అంటారు. 28 వారాలు దాటాక తన బిడ్డ ఎప్పుడు తిరుగుతుందో, ఎప్పుడు పడుకుంటుందో ఆమెకు తెలిసినంత మనలో ఎవరికీ తెలియదు.

ఊరికే కంగారుపడి వచ్చానేమో అని సిగ్గుపడకండమ్మా. ఇలా వచ్చినవాళ్ళలో ఎక్కువమందికి బిడ్డ బాగానే ఉంటుంది. ఆ మాట పరీక్ష చేశాకే చెప్పాలి, అందుకే రమ్మంటున్నాను. రాత్రి రెండైనా తెల్లారేదాకా ఆగొద్దు, బండి లేకపోతే 108కి ఫోన్ చేయండి. ఎప్పటి నుంచి తేడా, రోజూ ఎలా ఉండేది, ఈ రెండూ చెప్పండి. గుండె చప్పుడు వినిపించి ఇంటికి పొమ్మంటే, ఎన్‌ఎస్‌టీ పెట్టమని గట్టిగా అడగండి. పెట్టి పంపాక రేపు మళ్ళీ తగ్గిందనిపిస్తే, రేపు మళ్ళీ రండి.