ఖాళీలు పూరిస్తూ పాస్టరు చదువు

సండే స్కూల్లో కంఠత వాక్యం తడబడకుండా అప్పజెప్పి పెన్సిలు గెలుచుకున్నవాళ్లు తెలుగు సంఘాల్లో బోలెడుమంది. సరిగ్గా చెప్పగానే బహుమానం ఇవ్వడం పాత అలవాటే. అదే ఒక సిద్ధాంతంగా మారి పాస్టర్ల చదువులోకి రావడం వెనక 1953 నాటి లెక్కల క్లాసు ఒకటుంది.

అమెరికాలో కూతురు చదివే నాలుగో తరగతికి వెళ్లిన మనస్తత్వ శాస్త్రవేత్త బి.ఎఫ్. స్కిన్నర్ అక్కడ రెండు లోపాలు గమనించారు. పిల్లలందరూ ఒకే వేగంతో నడవాలి. చేసిన లెక్క తప్పో ఒప్పో అప్పటికప్పుడు తెలియదు. దాంతో పాఠాన్ని చిన్న ముక్కలు చేసి, ప్రతి ముక్కకూ ఒక ప్రశ్న, వెంటనే జవాబు ఉండేలా ఒక పద్ధతి తయారుచేశారు. ఆయన ప్రెస్బిటేరియన్ అనే ప్రొటెస్టెంట్ శాఖకు చెందిన ఇంట్లో పెరిగి, కుర్రతనంలోనే విశ్వాసం వదిలేసిన మనిషి. తమాషా ఏమిటంటే, 1960ల్లో ఆ పద్ధతిని అందిపుచ్చుకున్నది మధ్య అమెరికా దేశం గ్వాటెమాలాలో పాస్టర్లను తయారుచేసే ప్రెస్బిటేరియన్ సెమినరీయే.

అక్కడి ఇబ్బంది వేరు. పల్లె సంఘాలను నడిపే పెద్దలు పొలం, సంసారం వదిలి రాజధానిలో హాస్టల్లో ఉండలేరు. అందుకే 1963లో అక్కడి మిషనరీలు రాల్ఫ్ వింటర్, జేమ్స్ ఎమెరీ, ఆ తర్వాత రాస్ కిన్స్‌లర్ చదువునే వాళ్ల దగ్గరికి పంపారు. వారమంతా ఇంట్లో పుస్తకం, వారానికోసారి దగ్గర్లోని సెంటర్లో చర్చ. టిఇఇ (థియొలాజికల్ ఎడ్యుకేషన్ బై ఎక్స్‌టెన్షన్), అంటే ఇంటి దగ్గరికే వచ్చే పాస్టరు చదువు, ఇదే. పక్కన గురువు లేని లోటును స్కిన్నర్ తరహా పుస్తకం కొంత తీర్చింది: నాలుగు వాక్యాలు, ఒక ఖాళీ, జవాబును కాగితం ముక్కతో మూసి, మనం రాశాక తీసి సరిచూసుకోవాలి.

సమాచారం బుర్రకెక్కించడంలో ఇది గట్టిదే. కానీ ఖాళీలో ‘క్షమాపణ’ అని సరిగ్గా రాసినవాడు అన్నదమ్ములతో గట్టు తగాదా మానాడో లేదో పుస్తకానికి తెలియదు. నా మట్టుకు అసలు చిక్కు ఇక్కడే. మిషిగన్ స్టేట్ యూనివర్సిటీలో పనిచేసిన టెడ్ వార్డ్ దీన్ని దడి బొమ్మతో వివరించారు. ఒక అడ్డకర్ర పుస్తక జ్ఞానం, రెండోది రోజువారీ సేవలో ఎదురయ్యే అనుభవం. రెంటినీ పట్టి ఉంచే గుంజలు సెమినార్లు, అంటే అందరూ కలిసి కూర్చుని చేసే చర్చలు.

1971లో బెంగళూరు కేంద్రంగా మొదలైన టాఫ్టీ అనే టిఇఇ సంస్థ ఈ చదువును మన దేశంలోకి తెచ్చింది. ఉద్యోగం, ఇల్లు వదలకుండానే క్రైస్తవ వేదాంతం చదివే వీలు దొరికింది. ఇప్పుడు ఫోన్లో నడిచే బైబిలు కోర్సుల్లోనూ ఖాళీలున్నాయి, మార్కులు క్షణంలో వస్తాయి. వారానికోసారి ఎదురెదురుగా కూర్చోవడం మాత్రం చాలావాటిలో లేదు.