గోడ అవతలి పసుపు కిటికీ

పిల్లలూ,

మొన్న సాయంత్రం మీలో ఒకరు అడిగారు: "తాతయ్యా, గోడ అవతలి భవనంలో ఆ ఒక్క కిటికీ రాత్రంతా పసుపుపచ్చగా ఎందుకు వెలుగుతుంది? లోపల విషం ఉందా?" రేపు చెబుతానని తప్పించుకున్నాను. నిజానికి నాకు జవాబు తెలుసు. కాకపోతే అది నిలబడి చెప్పే జవాబు కాదు. విశ్వవిద్యాలయం వారి రీసెర్చ్ పార్కు, అంటే కంపెనీలూ ప్రయోగశాలలూ కలిసి ఉండే ఆవరణ, గోడకు ఇవతల ఇన్నేళ్ళు కాపురం ఉన్నవాడిగా, కూర్చుని రాస్తున్నాను.

ముందు కిటికీ సంగతి. ఆ గదిని క్లీన్‌రూమ్ అంటారు. ఫోన్లలో, కంప్యూటర్లలో ఉండే చిప్పులు చేసేటప్పుడు సిలికాన్ పలక మీద, వెలుతురు తగిలితే మారిపోయే ఒక పూత పూసి, కాంతితో సన్నని గీతల బొమ్మ దించుతారు. నీలి కాంతి, అతినీలలోహిత కాంతి అనుకోకుండా పడ్డాయంటే ఆ పూత పాడైపోతుంది. అందుకని వాటిని వడకట్టేసిన పసుపు దీపాలు వాడతారు. లోపల తలనుంచి కాలిదాకా తెల్లని తొడుగులు వేసుకున్న మనుషులను చూసి మీరు జడుసుకున్నారు కదా! ఆ తొడుగు ముఖ్యంగా మనిషిని కాపాడటానికి కాదు, మనిషి నుంచి చిప్పును కాపాడటానికి. మన ఒంటి నుంచి దుమ్ము రాలుతూనే ఉంటుంది. ఇలాంటి గదుల శుభ్రతకు ఐఎస్ఓ అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది; దాని ప్రకారం 5వ తరగతి గదిలో ఒక ఘనపు మీటరు గాలిలో అర మైక్రాన్ (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), అంతకన్నా పెద్ద రేణువులు 3,520కి మించకూడదు. తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు ఉంటుందని గుర్తుపెట్టుకుంటే అర మైక్రాన్ ఎంతో అర్థమవుతుంది.

ఇక డాబా మీది గొట్టాలు. రసాయనాలతో పనిచేసే ప్రయోగశాలలో ఫ్యూమ్ హుడ్ అనే అద్దాల పెట్టెలాంటిది ఉంటుంది. ఘాటైన పనులన్నీ అందులోనే చేస్తారు. అక్కడి గాలిని తిరిగి గదిలోకి వదలరు, గొట్టం ద్వారా ఆకాశంలోకి తోసేస్తారు. బయటి నుంచి కొత్త గాలి తెచ్చి చల్లబరచి నింపుతుంటారు. రాత్రంతా మనకు వినిపించే ఆ గుయ్యిమనే మోత అదే. మీరు గమనించారో లేదో, ఆ గొట్టాలకు పైన టోపీలు లేవు. మరి వాన లోపల పడదా? సాధారణంగా అందులోంచి గాలి సెకనుకు 15 మీటర్ల వేగంతో పైకి వస్తుంది. పెద్ద వానచినుకు కూడా సెకనుకు 10 మీటర్లకు మించి పడదు. కాబట్టి ఫ్యాను తిరుగుతున్నంతసేపూ చినుకు లోపలికి దిగలేదు. టోపీ పెడితే ఆ గాలి కిందికి మళ్ళి మన కిటికీల మీదికే వస్తుంది. టోపీ లేకపోవడం మనకే మేలన్నమాట.

తెల్లటి పొగ గురించి చెబితే నా పరువు పోతుంది గానీ చెబుతాను. మేము వచ్చిన కొత్తలో ఒక తెల్లవారుజామున గోడ అవతల బుస్సుమన్న చప్పుడు వినిపించింది. చూస్తే నేలంతా పాకుతున్న పొగ. గ్యాసు లీకైందని అరుస్తూ వీధి వీధంతా లేపాను. అంతా తలా ఒక దుప్పటితో రోడ్డు చివరిదాకా పరుగెత్తాం. తీరా అది ట్యాంకులో ద్రవ నైట్రోజన్ నింపుతున్న లారీ! దాని చల్లదనం మైనస్ 196 డిగ్రీలు. ఆ చలికి గాలిలోని తేమ మంచులా తెల్లబడుతుంది. మనం చూసేది ఆ తేమనే, నైట్రోజన్‌కు రంగు లేదు. మనం పీల్చే గాలిలో 78 శాతం అదే. ఆరుబయట దానివల్ల మనకు ముప్పు లేదు. మూసిన గదిలో మాత్రం ఉంది: ఒక లీటరు ద్రవం దాదాపు 700 లీటర్ల వాయువై ఆక్సిజన్‌ను పక్కకు నెట్టేస్తుంది. అందుకే వాళ్ళ గదుల్లో ఆక్సిజన్ తగ్గితే మోగే గంటలు పెడతారు.

అసలు ఈ పార్కులు ఎందుకు పుట్టాయి? అమెరికాలో స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయానికి బోలెడంత భూమి ఉంది, చేతిలో డబ్బు లేదు. దానమిచ్చిన దాత భూమిని అమ్మకూడదని షరతు పెట్టారు. సరే, అమ్మవద్దన్నారు గానీ కౌలుకు ఇవ్వవద్దనలేదు కదా అని 1951లో కంపెనీలకు దీర్ఘకాలపు కౌలుకు ఇవ్వడం మొదలుపెట్టారు. ఫ్రెడరిక్ టెర్మన్ అనే ఇంజనీరింగ్ ఆచార్యుడు దానికి పెద్ద ఊతం. ఆచార్యులు, విద్యార్థులు, కంపెనీలు నడిచి వెళ్ళేంత దూరంలో ఉంటే పని జరుగుతుందని ఆయన నమ్మకం. తర్వాత 1959లో ఉత్తర కరోలినాలో మూడు విశ్వవిద్యాలయాల నడుమ ఒకటి, 1970లో ఇంగ్లండులో కేంబ్రిడ్జిలోని ట్రినిటీ కాలేజీ భూమిలో ఒకటి వచ్చాయి. మన దేశంలో ఐఐటీ మద్రాస్ పార్కు 2010లో మొదలైంది. అద్దె కట్టినంత మాత్రాన సరిపోదు, అక్కడి కంపెనీలు ఆచార్యులతో, విద్యార్థులతో కలిసి పనిచేయాలి. మామూలు ఆఫీసు భవనాలకూ దీనికీ తేడా అదే.

అద్దెలు పెరగడం, మన వాకిళ్ళ ముందు వాళ్ళ కార్లు ఆపడం లాంటివి మీ అమ్మానాన్నలు రోజూ మాట్లాడుకునేవే. వాటిని వదిలేస్తున్నాను.

కానీ ఒకటి వదలను. చూడటానికి ముద్దుగా, చెట్ల నడుమ ఉన్నంత మాత్రాన ఏ చోటూ నిరపాయం కాదు. అదే స్టాన్‌ఫోర్డ్ పార్కులో భూమిలో పాతిన ఒక ద్రావకాల (ఇతర పదార్థాలను కరిగించే రసాయనాల) ట్యాంకు కారుతున్నట్టు 1980ల తొలినాళ్ళలో బయటపడింది. ట్రైక్లోరోఇథిలీన్ అనే రసాయనం భూగర్భజలంలో కలిసింది. దాన్ని శుభ్రం చేసే పని దశాబ్దాలు సాగింది. పైకి కనిపించే పొగ కన్నా కింద కనిపించకుండా కారేదే ఎక్కువ బాధపెడుతుందని నాకు అప్పుడు తెలిసివచ్చింది. అందుకే మా పెద్దలం పార్కువాళ్ళను ఏటా అడిగే మొదటి ప్రశ్న: భూమిలో ట్యాంకులు ఏమైనా ఉన్నాయా, వాటిని చివరగా ఎప్పుడు పరీక్షించారు?

మనకేం తెలుసని అడుగుతాం అంటారా? 1976లో అమెరికాలోని మరో కేంబ్రిడ్జిలో, జన్యువులను కత్తిరించి అతికించే ప్రయోగాలకు హార్వర్డ్‌లో ప్రయోగశాల కడతామంటే ఊళ్ళో గగ్గోలు పుట్టింది. నగర సభ ప్రయోగాలను కొంతకాలం ఆపించి, మామూలు పౌరులతో ఒక సంఘం వేసింది. అందులో నర్సుగా పనిచేసే ఒక క్రైస్తవ సన్యాసిని, ఇళ్ళు వెచ్చబరిచే నూనె అమ్మే వ్యాపారి కూడా ఉన్నారు. నెలల తరబడి శాస్త్రవేత్తలను కూర్చోబెట్టి అర్థమయ్యేదాకా అడిగారు. చివరికి ప్రయోగాలు జరగవచ్చు, ఫలానా జాగ్రత్తలతో అన్నారు. 1977 ఫిబ్రవరిలో అది నగర చట్టమైంది. కంపెనీలు పారిపోతాయని కొందరు భయపడ్డారు. పారిపోలేదు సరికదా, ఆ ఊరు జీవసాంకేతిక కంపెనీలకు పెద్ద నెలవైంది. నిబంధన ముందే తెలిసిన చోట పెట్టుబడి పెట్టడం సులువని నా ఉద్దేశం.

మేమూ ఒకసారి అడిగాం. వాళ్ళ జనరేటరును తెల్లవారకముందే నడిపి పరీక్షించేవారు. పసిపిల్లలు ఉలిక్కిపడి లేస్తున్నారని ఉత్తరం రాస్తే సమయం పది గంటలకు మార్చారు. అంతకుముందు మూడేళ్ళు మాలో మేము తిట్టుకోవడమే తప్ప ఎవరమూ అడగలేదు!

ఆ తర్వాత వాళ్ళే మన దగ్గరికి వచ్చారు. మీరు రోడ్డు దాటే చోట స్పీడ్ బ్రేకర్ వేయిస్తున్నామని తెలిసి, దాని కుదుపు తమ యంత్రానికి ఇబ్బంది, దయచేసి కాస్త జరపమని అడగడానికి ఒక పరిశోధకురాలు వచ్చింది. మాకు కోపం వచ్చింది. పిల్లల ప్రాణాల కన్నా మీ యంత్రం ఎక్కువా అన్నాం. ఆమె వాదించలేదు, సంచిలోంచి ఒక కాగితం తీసింది. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో తీసిన పుప్పొడి రేణువు బొమ్మ అది. ఒంటి నిండా ముళ్ళతో బంతిలా ఉంది. ఆ యంత్రం బొమ్మను వరుసవరుసగా, పైనుంచి కిందికి గీస్తుందట. పై సగం అంచులు కత్తితో కోసినట్టు నున్నగా ఉన్నాయి. నడుమ ఒక నాలుగు వరుసల మేర మాత్రం రంపపు పళ్ళలా వంకరలు పోయాయి. ఆమె వాటి మీద వేలు పెట్టి, "ఇది మీ వీధిలో గుంటలో పడిన లారీ" అంది.

స్పీడ్ బ్రేకర్‌ను నలభై అడుగులు ఇవతలికి, మీ బస్సు ఆగే చోటికి మార్చాం. ఆ బొమ్మ నా దగ్గరే ఉంది, ఆదివారం వస్తే చూపిస్తాను.

మీ తాతయ్య