వాట్లు చూసి బాక్సులు కొనకండి: చిన్న బ్యాండు సౌండ్ మీద అపోహలు, వాస్తవాలు

“అన్నా, రెండు వేల వాట్లంట. ఆఫర్ ఈ రోజుతో అయిపోతుందంటున్నాడు షాపాయన. తీసేసుకోమంటావా?”

పెళ్లిళ్ల సీజన్‌కి నెల ముందు ఇలాంటి ఫోన్లు వరసగా వస్తుంటాయి. ఈ అబ్బాయిది ఐదుగురి బ్యాండు. ఇద్దరు పాడతారు, ఒకరు కీబోర్డు, ఒకరు రిథమ్ ప్యాడ్, ఒకరు గిటారు. సంగీత్‌లు, రిసెప్షన్లు, అప్పుడప్పుడు కాఫీ షాపుల్లో ప్రోగ్రాములు. ఇన్నాళ్లూ సౌండ్ అద్దెకు తెచ్చుకున్నారు. ఇప్పుడు కారు డిక్కీలో పట్టే సెట్ ఒకటి సొంతానికి కొనుక్కుందామని. నేను ఒకటే అడిగాను: “చివరి వరస ఎంత దూరంలో ఉంటుంది?” అటువైపు కాసేపు చప్పుడు లేదు. “అదెందుకన్నా, వాట్లు చెప్పాను కదా!”

ఇరవై ఏళ్లుగా మిక్సర్ ముందు కూర్చుని బతుకుతున్నవాణ్ణి. పవర్డ్ బాక్సులు, అంటే ఆంప్లిఫయర్ కూడా లోపలే ఉండే స్పీకర్లు, వచ్చాక మోత బరువు తగ్గింది, వైరింగ్ తగ్గింది. అపోహలు మాత్రం తగ్గలేదు. ఆ అబ్బాయికి ఫోన్లో చెప్పినవి, తర్వాత గుర్తొచ్చినవి కలిపి రాస్తున్నాను.

అపోహ: వాట్లు ఎక్కువైతే శబ్దం ఎక్కువ

మా ఫీల్డులో అందరికంటే మొండి అపోహ ఇదే. రెండు బాక్సుల కాగితాలు పక్కపక్కన పెట్టి చూపిస్తాను. యమహా డీబీఆర్ 10 మీద రాసేది 700 వాట్లు. క్యూఎస్‌సీ కే 10.2 మీద రాసేది 2000 వాట్లు. రెండూ పది అంగుళాల బాక్సులే, అంటే లోపలి కోన్ (శబ్దం పుట్టించే గరాటు) వెడల్పు పది అంగుళాలు. వాట్ల లెక్కన రెండోది మూడింతలు మోగాలి కదా? ఇప్పుడు కింది వరసలో చిన్న అక్షరాల్లో ఉండే ‘మ్యాక్సిమమ్ ఎస్‌పీఎల్’, అంటే బాక్సు ఇవ్వగలిగే గరిష్ఠ శబ్దం, చూడండి. మొదటిదానికి 129 డీబీ (డెసిబెల్, శబ్దాన్ని కొలిచే లెక్క), రెండోదానికి 130. తేడా ఒక్క డీబీ. పాట నడుస్తుంటే ఒక్క డీబీ తేడా మీరూ పట్టలేరు, నేనూ పట్టలేను. కంపెనీలు కొలిచే పద్ధతులు వేరువేరుగా ఉంటాయి కాబట్టి ఆ అంకెనూ వేదంలా తీసుకోనక్కర్లేదు. ఇది ఏ బాక్సు గొప్పదో తేల్చే లెక్క కూడా కాదు, కే 10.2కి వేరే మంచి గుణాలున్నాయి. వాట్లు మాత్రం ఆ తీర్పు చెప్పలేవు.

కారణం పెద్ద రహస్యమేం కాదు. వాట్లు రెట్టింపైతే శబ్దం పెరిగేది 3 డీబీ. చెవికి ‘రెట్టింపు’ అనిపించాలంటే సుమారు 10 డీబీ కావాలి, అంటే పది రెట్ల వాట్లు. పైగా డబ్బా మీద అచ్చేసే వాట్లు చాలావరకు పీక్, అంటే రెప్పపాటు మాత్రం ఇవ్వగలిగినవి. ఆ డీబీఆర్ 10నే తీసుకుంటే, ఆగకుండా ఇవ్వగలిగేది 325 వాట్లని వాళ్లే రాశారు. ఇచ్చిన కరెంటును కోన్, హార్న్ (పై స్వరాలను బయటికి పంపే బూర) కలిసి ఎంత శబ్దంగా మారుస్తాయన్నది అసలు సంగతి. మైలేజీ లేని బండికి ట్యాంకు ఎంత పెద్దదైతే ఏం?

ఇక నేనడిగిన దూరం సంగతి. ఎస్‌పీఎల్ అంకె బాక్సుకి ఒక మీటరు దూరంలోది. ఆరుబయట దూరం రెట్టింపైన ప్రతిసారీ 6 డీబీ పడిపోతుంది. ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిది, పదహారు. అంటే పదహారో మీటరు దగ్గరికి 24 డీబీ ఆవిరి. 130 కాస్తా 106. అది కూడా పీకే. పాట సగటు దానికి కనీసం పది, పన్నెండు డీబీ కింద ఉంటుంది. ఈ కూడికలు, తీసివేతలు పెన్ను కాగితం మీద రెండు నిమిషాల పని. కొనేముందు చేసేవాళ్లను నేను ఇద్దరు ముగ్గురిని చూశానేమో.

అపోహ: పదిహేను అంగుళాలదైతేనే ‘ఫుల్ సౌండ్’

డీజే బాక్సులు చూసి చూసి మనకి ఈ లెక్క పట్టుకుంది. చిన్న బ్యాండులో జనం వినేది గొంతు. గొంతు సంగతికొస్తే పదిహేను అంగుళాల కోన్‌తో ఒక చిక్కుంది. 1000 హెర్ట్జ్ (సెకనుకి వెయ్యిసార్లు కంపించే) శబ్దం అల పొడవు సుమారు 34 సెంటీమీటర్లు. పదిహేను అంగుళాల కోన్ కూడా దాదాపు అంతే వెడల్పు. అల కోన్ కన్నా చిన్నదయ్యే కొద్దీ శబ్దం టార్చిలైటులా ముందుకు మాత్రమే పోతుంది, పక్కలకు పరుచుకోదు. ఆ పైన అందుకోవాల్సింది హార్న్. చవక బాక్సుల్లో హార్న్ వెనక డ్రైవరు చిన్నది, అది 2000 దాటాక గానీ పని మొదలుపెట్టదు. ఈ రెండింటి మధ్య గుంటలో పడిపోయేది గాయని మాటే. హాలు మధ్యలో కూర్చున్నవాళ్లకు బాగానే ఉంటుంది. ముందు వరసలో ఆ చివర కూర్చున్న పెద్దావిడకి మాత్రం పాట దుప్పటి కప్పుకుని పాడినట్టు వినిపిస్తుంది. పెద్ద డ్రైవరుతో కిందినుంచే అందుకునే ఖరీదైన పదిహేనులు కూడా ఉన్నాయి. వాటి బరువూ, ధరా చూస్తే చిన్న బ్యాండు వాటి జోలికి పోదు.

శబ్దం ఎంత వెడల్పున పరుచుకుంటుందో కాగితం మీదే ఉంటుంది. క్యూఎస్‌సీ కే.2 వరసలో ఎనిమిది అంగుళాలదానికి 105 డిగ్రీలు, పదికి 90, పన్నెండుకి 75. వెడల్పుగా, లోతు తక్కువగా ఉండే కాఫీ షాపులో పన్నెండు కన్నా ఎనిమిదే నయం కావచ్చు. ఇది చెబితే నన్ను వింతగా చూస్తారు.

బేస్ మాటేమిటంటే, బేస్ గిటారు లావు తీగ 41 హెర్ట్జ్. పది అంగుళాల బాక్సు అంత కిందికి దిగదు. పదిహేనుతోనూ ఆ లోతు బలంగా రాదు. మీ ప్యాడ్స్ అబ్బాయికి కిక్ గుండెలో తగలాలంటే వేరే సబ్, అంటే బేస్ కోసమే ఉండే బాక్సు, కొనాలి, ఒక్కటి చాలు. రెండు సబ్‌లు కొని స్టేజీకి ఆ చివరొకటి ఈ చివరొకటి పెడితే, హాలు మధ్యలో దడదడ, పక్కకు నాలుగడుగులేస్తే వెలితి. గొంతు, గిటారు, కాహోన్‌తో (కూర్చుని చేత్తో వాయించే చెక్కపెట్టె) సరిపెట్టుకునే బ్యాండుకి సబ్ అక్కర్లేదు, ఆ డబ్బు దాచుకోండి.

అపోహ: కాలమ్ సిస్టమ్ కొంటే విజిల్ రాదు, మానిటర్లు అక్కర్లేదు

2003లో బోస్ ఎల్1 తెచ్చినప్పటి నుంచి ఈ సన్న స్తంభాల మోజు మొదలైంది. ఇప్పుడు అన్ని కంపెనీలకూ ఉన్నాయి. మంచివే. నిలువులో శబ్దాన్ని చెదరనివ్వవు, కాబట్టి సీలింగుకి కొట్టుకుని తిరిగొచ్చే గోల తక్కువ. దగ్గర్లో శబ్దం మామూలు బాక్సుకంటే నిదానంగా తగ్గుతుంది. కానీ స్తంభం పొడవు మీటరే ఉంటే ఆ సుగుణం కొన్ని మీటర్లే, అదీ పై స్వరాలకే. మధ్యలో డ్రమ్ సెట్ ఉంటే ఈ చిన్న స్తంభాలు దాని పక్కన చిన్నబోతాయి.

బ్యాండు వెనక పెట్టుకుంటే అదే మానిటర్, అంటే పాడేవాళ్లకి తమ శబ్దం వినిపించే బాక్సు, అవుతుందని అమ్మేటప్పుడు చెబుతారు. అవుతుంది. గాయని మైకు కూడా దానికి ఎదురుగా ఉంటుందని చెప్పరు. ఓ చిన్న రిసెప్షన్‌లో గాయనికీ స్తంభానికీ మధ్య మీటరు దూరం లేదు. రిహార్సల్‌లో ఏమీ లేదు. జనం వచ్చి మాట్లాడుకోవడం మొదలయ్యాక వాల్యూమ్ పెంచాల్సొచ్చింది. రెండో చరణంలో కుయ్య్‌మంది. కంగారులో ఆ అమ్మాయి మైకు జాలీని అరచేత్తో మూసేసింది, అంతే, ఇంకా పెరిగింది. జాలీ మూస్తే మైకు వెనక రంధ్రాలు మూసుకుపోయి అన్నివైపుల నుంచీ వింటుంది. మన యాంకర్లు స్టైలుగా పట్టుకునేది అలాగే.

విజిల్ అంటే మైకులోంచి బాక్సుకి, బాక్సులోంచి మళ్లీ మైకుకి శబ్దం గిరగిరా తిరగడం. ఏ బాక్సు కొన్నా అది ఉంటుంది. మైకు మూతికి దగ్గరగా, బాక్సు మైకుకి దూరంగా ఉండాలి. మానిటర్ ఎక్కడ పెట్టాలన్నది మైకుని బట్టి. షూర్ ఎస్ఎం 58 సరిగ్గా వెనక వైపు చెవిటిది, మానిటర్ దాని తోకకి ఎదురుగా పెట్టాలి. బీటా 58ఏ అలా కాదు, దాని చెవిటి దిక్కులు వెనక నుంచి కాస్త పక్కలకు ఉంటాయి, మానిటర్ కూడా పక్కకి జరగాలి. బాక్సు మార్చేలోపు ఈ జరపడం చేసి చూడండి, పైసా ఖర్చు లేదు.

అపోహ: గుర్ర్‌మని హమ్ వస్తే ఎర్త్ పిన్ను తీసేస్తే సరి

దీని గురించి నవ్వుతూ రాయలేను. ఎర్త్ తీస్తే హమ్ పోతుంది, నిజమే. అందుకే ఈ అలవాటు పోదు. కోనసీమలో ఓ ఫంక్షన్ హాల్లో మా గిటారిస్టు తీగల మీద చెయ్యి పెట్టి, మైకు దగ్గరికి మూతి తెచ్చాడు. చురుక్కుమని పెదవి మీద తగిలింది. వెనక్కి తూలాడు గానీ పడలేదు. చూస్తే ఆంప్ ప్లగ్గుకి మూడో పిన్ను లేదు. విదేశీ ప్లగ్గుకి తగిలించిన పది రూపాయల కన్వర్టర్‌లో ఎర్త్ కనెక్షన్ అసలే లేదు. ఈ కన్వర్టర్లు ఇంకా చాలామంది బ్యాగుల్లో ఉన్నాయి. మీ బ్యాగులో ఉంటే ఇప్పుడే పారేయండి.

హమ్ ఎక్కణ్ణుంచి వస్తుందంటే, మిక్సర్‌కి కరెంటు స్టేజీ కుడి బోర్డు నుంచి, బాక్సులకు ఎడమ బోర్డు నుంచి తీసుకుంటాం. రెండు ఎర్త్‌ల మధ్య చిన్న వోల్టేజీ తేడా ఉంటుంది, దాంతో ఆడియో కేబుల్ షీల్డు (తీగల చుట్టూ ఉండే లోహపు తొడుగు) గుండా కరెంటు పారుతుంది. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి 50, 100 దగ్గర గుర్ర్. మందు ఏమిటంటే, అన్నిటికీ ఒకే చోటి నుంచి కరెంటు, మిక్సర్ నుంచి బాక్సుకి బ్యాలెన్స్‌డ్ ఎక్స్ఎల్ఆర్ కేబుల్ (దారిలో కలిసే గోలను కొట్టేసే మూడు పిన్నుల కేబుల్), కీబోర్డుకీ ల్యాప్‌టాప్‌కీ డీఐ బాక్సు (వాటి సిగ్నల్‌ని అలాంటి కేబుల్‌కి తగ్గట్టు మార్చే చిన్న డబ్బా). డీఐ మీద గ్రౌండ్ లిఫ్ట్ అని చిన్న స్విచ్ ఉంటుంది. అది ఆడియో ఎర్త్‌ని మాత్రమే విడదీస్తుంది, కరెంటు ఎర్త్ జోలికి పోదు. హమ్‌కి కోయాల్సింది అక్కడ.

ఇంకోటి, షామియానా కరెంటు. జనరేటర్ నుంచో మూడు ఫేజుల లైను నుంచో వచ్చే చోట న్యూట్రల్ వదులైతే, 230 రావాల్సిన ప్లగ్గులో అంతకు మించి చాలా పైకి, 400 దాకా ఎగబాకే ప్రమాదం ఉంది. కొత్త బాక్సులు 100 నుంచి 240 దాకా తట్టుకుంటాయని రాసి ఉన్నా, ఆ పైన ఎవరూ హామీ ఇవ్వరు. మల్టీమీటర్ పెట్టి చూడకుండా నేను ఏ హాల్లోనూ ప్లగ్గు పెట్టను. ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య 230 దరిదాపుల్లో ఉండాలి, న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య ఒకటి రెండు వోల్టులు మించకూడదు. లేకపోతే ఎలక్ట్రీషియన్ వచ్చేదాకా టీ తాగుతూ కూర్చుంటాం. పెళ్లివారు విసుక్కుంటారు. విసుక్కోనీ.

అపోహ: లోపల లిమిటర్ ఉంది, బాక్సు కాలదు, పగలదు

లిమిటర్, అంటే శబ్దం హద్దు దాటకుండా ఆపే సర్క్యూట్, కాపాడేది శబ్దం బాక్సు లోపలికి వచ్చాకే. మిక్సర్‌లోనే పగిలిన శబ్దాన్ని అది బాగుచెయ్యదు. “కొత్త బాక్సు, చిరిగిన కాగితంలా వస్తోంది” అని ఒకాయన తీసుకొచ్చాడు. వెనక చూస్తే ఇన్‌పుట్ స్విచ్ ‘మైక్’ మీద ఉంది, వచ్చేది మిక్సర్ లైన్ అవుట్‌పుట్, మైకు సిగ్నల్ కన్నా చాలా బలమైనది. ‘లైన్’ వైపు నొక్కాను. ఆయన టీ ఇప్పించి వెళ్లిపోయాడు. బాక్సు మీది లిమిటర్ ఎర్ర లైటు పాట పొడుగునా వెలుగుతుంటే మాత్రం బాక్సు చిన్నదని అర్థం, అలాగే నడిపిస్తే కాయిల్ వేడెక్కి ఏదో ఒక రోజు పోతుంది.

అపోహ: స్టీరియో లేకపోతే క్వాలిటీ లేనట్టే

కుడివైపు కూర్చున్నవాళ్లకి గిటారే, ఎడమవైపు వాళ్లకి కీబోర్డే వినిపిస్తే అది క్వాలిటీయా? మోనో, అంటే అన్ని బాక్సుల్లోనూ ఒకే శబ్దం, పెట్టండి. చిన్న కాఫీ షాపులో మొదట్లో ఒక్క బాక్సే చాలు.

అపోహ: బ్లూటూత్ ఉంది కాబట్టి అన్నీ వైర్లెస్

ట్రాక్ పెట్టుకుని పాడేవాళ్లకి బ్లూటూత్ పనికొస్తుంది, ఎందుకంటే ట్రాక్ ఆలస్యంగా వచ్చినా మీరు పాడేది దాన్ని వినే. కీబోర్డునో గిటారునో దాని మీద పంపితే నొక్కిన మీట ఓ క్షణం ఆలస్యంగా మోగుతుంది, తాళం చచ్చిపోతుంది. ట్రాకులు వాయించే ఫోన్ని ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి బ్లూటూత్ మాత్రం ఆన్ చేసుకోండి. ‘కౌసల్యా సుప్రజా’ రింగ్‌టోన్ రిసెప్షన్ మధ్యలో వినడం నాకు రెండుసార్లయింది.

అపోహ: హాలు మోగిపోతుంటే ఇంకాస్త పెంచాలి

టైల్స్ నేల, సిమెంటు గోడలు, ఎత్తు సీలింగు. చప్పట్లు కొట్టి చూడండి, తిరిగొచ్చే మోత ఎంతసేపు ఆగదో తెలుస్తుంది. అక్కడ పెంచితే మాటతో పాటు మోతా పెరుగుతుంది. బాక్సుల్ని స్టాండు మీద జనం తలలకు పైన ఉండేలా ఎత్తి, కాస్త ముందుకి వంచి, గోడల వైపు కాకుండా జనం వైపు తిప్పండి. పొడుగు హాలైతే ముందర పెద్దవి రెండు కాకుండా, సగం దూరంలో చిన్నవి రెండు అదనంగా పెట్టి, ముందరి బాక్సుల శబ్దంతో కలిసి వినిపించేలా వాటికి మీటరుకి సుమారు 3 మిల్లీసెకన్ల లెక్కన ఆలస్యం ఇవ్వండి.

ఆరుబయట ఐతే ఇంకో హద్దుంది. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి పది నుంచి పొద్దున ఆరు వరకు బయట లౌడ్‌స్పీకర్ వాడకూడదు. పగలైనా ఆ ప్రదేశం సరిహద్దు దగ్గర శబ్దం, అక్కడి మామూలు పరిమితికి 10 డీబీ మించకూడదు, 75 దాటకూడదు, రెండింటిలో ఏది తక్కువైతే అది. నివాస ప్రాంతంలో పగటి పరిమితి 55 కాబట్టి లెక్క 65కే ఆగిపోతుంది. రెండు వేల వాట్ల బాక్సు పక్కింటి ప్రహరీ దాకా ఏం చేస్తుందో ఊహించుకోండి.

ఆ అబ్బాయి చివరికి పది అంగుళాలవి రెండు తీసుకున్నాడు. మిగిలిన డబ్బులో మంచి స్టాండ్లు, నాలుగు కేబుళ్లు, రెండు డీఐలు. షాపులో వినేటప్పుడు ఏం చెయ్యాలో కూడా చెప్పి పంపాను. వాళ్లు బేస్ దడదడలాడే పాటొకటి పెట్టి ఊదరగొడతారు. ఆపమను. మీ గాయనిని, మీ మైకుని వెంట తీసుకెళ్లు. ఆ రోజు పేపరు ఆమె చేతికిచ్చి నెమ్మదిగా చదవమను. నువ్వు పది మీటర్లు వెనక్కి నడువు, తర్వాత పక్కకి, గోడ వరకు. ఆ మూల నిలబడి వింటే ‘శ’కీ ‘స’కీ తేడా తెలుస్తోందా, ఒత్తులు వినిపిస్తున్నాయా చూసుకో. వాళ్లు నాలుగో బాక్సు దాకా అలాగే చదివించారట. ఆ అమ్మాయి స్పోర్ట్స్ పేజీ కూడా పూర్తి చేసేసిందని చెప్పాడు.